కేరళ రబ్బరు పల్లెల్లో ముప్లి పురుగు: ఇంట్లో చంపితే తీరని బెడద

కేరళలోని కొండవాలు పల్లెల్లో ఏప్రిల్ నెల విషు పండుగను, వేసవి వానలను వెంటబెట్టుకొని వస్తుంది. పగలంతా ఉక్కపోసి, సాయంత్రానికి ఉరుములు మెరుపులతో ఓ గంటసేపు కురిసి వెలుస్తుంది. ఆ రాత్రి రబ్బరు తోటల అంచున ఉన్న ఇళ్లలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. విద్యుత్తు సరఫరా నిలిచిపోయి కాదు, ఇంటివాళ్లే ఆర్పేస్తారు. తలుపులు బిగించి, కిటికీల సందుల్లో గుడ్డలు కుక్కి, పసిపిల్లలను దోమతెర కిందికి చేర్చి, ఆ దోమతెర మీద మరో దుప్పటి పరుస్తారు. వాన వెలిసిన చీకట్లో తోటల వైపు నుంచి నల్లని పురుగులు లక్షల సంఖ్యలో ఇళ్ల వైపు కదులుతాయి.

వీటిని మలయాళంలో ముప్లి వండు అంటారు. వండు అంటే పెంకు పురుగు. త్రిశ్శూర్ జిల్లాలోని ముప్లి రబ్బరు తోట పరిసరాల్లో 1970లలో ఈ బెడద మొదట దృష్టికి రావడంతో ఆ ఊరి పేరే పురుగుకు స్థిరపడింది. ప్రాంతాన్ని బట్టి దీనికి ఇంకా చాలా పేర్లున్నాయి. ఓట్టెరుమ, కోట్టెరుమ, ఓలచాత్తన్, కరించెళ్ళ్ వాటిలో కొన్ని. ఓడు అంటే ఇంటి పెంకు, ఎరుమ అంటే గేదె. అంటే ఓట్టెరుమ ‘పెంకు గేదె’ అన్నమాట. తెలుగులోని ఎనుము, మలయాళంలోని ఎరుమ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలే. ఓల అంటే తాటాకు, కొబ్బరాకు. ఆకుల కప్పులోనో పెంకుల కిందనో నల్లగా గుంపు కట్టి పడుకునే జీవికి పల్లె ప్రజలు పెట్టిన ఈ పేర్లలో, ఆ పురుగు దాగే చోటు దాగి ఉంది.

శాస్త్రవేత్తలు పెట్టిన పేరు లుప్రోప్స్ ట్రిస్టిస్. లాటిన్ భాషలో ట్రిస్టిస్ అంటే విచారగ్రస్తమైనది, దిగులు కొలిపేది అని అర్థం. నల్లని రంగును బట్టి పెట్టిన పేరే కావచ్చుగానీ, రబ్బరు పల్లెల గృహిణులకు అది ఇంకో విధంగానూ సరిపోతుంది. ఈ పురుగు టెనెబ్రియోనిడే కుటుంబానికి చెందినది. మన వంటింట్లో గోధుమపిండికి, రవ్వకు పట్టే ఎర్రని పిండి పురుగు కూడా ఈ కుటుంబానిదే. పురుగు బాగా పట్టిన పిండికి వచ్చే ఘాటు వాసన క్వినోన్ అనే రసాయనాలది. ముప్లి పురుగు వదిలే ద్రవంలోనూ అదే తరగతి రసాయనాలు ఉంటాయి. తేడా అంతా సంఖ్యలో ఉంది. పిండి డబ్బాలో పదుల సంఖ్యలో కనిపించే పురుగుల బంధువులు ఇక్కడ ఇంటి కప్పు నిండా లక్షల్లో చేరతాయి.

ఆ లక్షలు అతిశయోక్తి కాదు. కోజికోడ్ సమీపంలోని దేవగిరి సెయింట్ జోసెఫ్ కళాశాల జంతుశాస్త్ర పరిశోధకులు ఈ పురుగు జీవన విధానాన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఒక్కో నివాస గృహంలో 5 లక్షల నుంచి 40 లక్షలకు పైగా పురుగులు గుమిగూడుతున్నట్టు వారి అంచనాల్లో తేలింది. ఒక్కో పురుగు పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. అయినా గోడ మీద, దూలాల మీద, వాసాల మధ్య ఒకదానిపై ఒకటి పేరుకున్నప్పుడు అవి వేళ్లాడే నల్లని గోనెపట్టాల్లా కనిపిస్తాయి.

తినడానికి కాదు, నిద్రపోవడానికి

ముప్లి పురుగు గురించి ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది. అది ఇంట్లోకి ఆహారం కోసం రాదు. బియ్యం ముట్టదు, బట్టలు కొరకదు, చెదలాగా కలపను తొలవదు, గుడ్లు పెట్టదు. వచ్చిన కొద్ది రోజులకే సుప్తావస్థలోకి జారుకుంటుంది. నైరుతి రుతుపవనాలు, ఆ తర్వాత మలయాళీలు తులావర్షం అని పిలిచే ఈశాన్య రుతుపవనాలు ముగిసే వరకు, సుమారు 8, 9 నెలల పాటు ఆ కప్పు కిందనే, ఏమీ తినకుండా, తోటలో తిన్న కాలంలో ఒంట్లో పోగుచేసుకున్న కొవ్వుతో బతుకుతుంది.

శీతల దేశాల్లో ఇటువంటి వలసలు కొత్త కాదు. ఉత్తర అమెరికాలో ఆసియా లేడీబర్డ్ పురుగులు శరదృతువులో ఇళ్ల గోడల సందుల్లోకి చేరి చలికాలం గడుపుతాయి. అవి మంచుకు భయపడి వస్తాయి. కేరళ పురుగు వానకు తలదాచుకుంటుంది. నెలల తరబడి నీటితో నానే తోట నేల దానికి పనికిరాదు. పొడిగా, చీకటిగా, ఇరుకుగా ఉండే చోటు కావాలి. పెంకుటింటి కప్పు ఆ మూడు అవసరాలనూ తీరుస్తుంది.

తెలుగు పల్లెల్లో తొలకరి వానకు దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లతో దీనిని పోల్చుకోవచ్చు. అక్కడా దీపం ఆర్పడం, వాకిట్లో నీళ్ల పళ్లెం పెట్టి దాని మీద దీపం వేలాడదీయడం వంటి ఉపాయాలే వాడుకలో ఉన్నాయి. అయితే ఉసిళ్లు ఒక్క రాత్రి చుట్టాలు. తెల్లారేసరికి రెక్కలు రాల్చుకుని పోతాయి, చీపురుతో ఊడిస్తే సరిపోతుంది. ముప్లి పురుగు మాత్రం విషుకు వచ్చి, ఓణం దాటి, క్రిస్మస్ దగ్గరపడే దాకా కదలదు.

రబ్బరు ఆకు ఎక్కడ రాలితే అక్కడే పుట్టుక

ఈ కథ నిజానికి ఇంటి కప్పు దగ్గర మొదలు కాదు, తోట నేల మీద మొదలవుతుంది. రబ్బరు చెట్టు అమెజాన్ అడవులది. భారతదేశంలో వాణిజ్య స్థాయి రబ్బరు తోట 1902లో పెరియార్ నది ఒడ్డున తట్టేక్కాడ్ వద్ద మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే రబ్బరు చట్టం వచ్చింది. కోట్టయం కేంద్రంగా రబ్బరు బోర్డు ఏర్పడింది. నేడు కేరళలో ఐదు లక్షల హెక్టార్లకు పైగా రబ్బరు సాగులో ఉంది. అందులో అత్యధిక భాగం చిన్న రైతులదే. ఇంటి పెరడు ఎక్కడ ముగుస్తుందో, తోట ఎక్కడ మొదలవుతుందో చెప్పలేనంతగా ఇళ్లూ తోటలూ కలిసిపోయి ఉంటాయి.

ప్రతి ఏటా డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రబ్బరు చెట్లు ఆకులన్నీ ఒక్కసారిగా రాలుస్తాయి. కొద్ది రోజుల్లోనే రాగి రంగు చిగుళ్లు తొడుగుతాయి. పశ్చిమ కనుమల సతత హరిత అడవిలో ఇలా జరగదు. అక్కడ ఒక్కో చెట్టు ఒక్కో సమయంలో కొద్దికొద్దిగా ఆకు రాలుస్తుంది. మైళ్ల పొడవున ఒకే జాతి చెట్లు ఒకే వారంలో రాల్చిన ఆకులు తోట నేలను మోకాలి దిగువన మెత్తని పరుపులా కప్పేస్తే, రాలిన ఆకులే ఆహారమైన పురుగుకు అది పెళ్లి భోజనం.

ఇళ్లలో నిద్ర లేచిన పురుగులు సరిగ్గా ఆ సమయానికే తోటకు తిరిగి వెళ్తాయి. ఆకుచెత్తలో జత కట్టి గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు అక్కడే తిని, అక్కడే కోశస్థ దశ దాటి, కొద్ది వారాల్లోనే రెక్కల పురుగులుగా మారతాయి. ఏడాదికి ఒక్క తరమే. మార్చి చివరికల్లా కొత్త తరం సిద్ధంగా ఉంటుంది. తొలి వేసవి జల్లు పడగానే ఇంటి దారి పడుతుంది.

వాటి తిండిలో మరో విశేషం ఉంది. పండి రాలిన ఆకు కన్నా లేతగా ఉండగానే రాలిన ఆకు వాటికి ఎక్కువ ఇష్టం. అందులో తేమా నత్రజనీ ఎక్కువ. కొత్త చిగుళ్లు వచ్చే వేళకు రబ్బరుకు బూడిద తెగులు సోకుతుంది. ఆ తెగులు సోకిన లేత ఆకులు ముడుచుకుపోయి రాలిపోతాయి. పండుటాకుల పరుపు మీద లేతాకుల వడ్డన అన్నమాట. రైతులు ఈ తెగులుకు గంధకపు పొడి చల్లుతారు. ధర గిట్టుబాటుగా ఉన్నప్పుడు ఆ పని శ్రద్ధగా జరుగుతుంది. 2011లో కిలోకు 200 రూపాయలు దాటిన రబ్బరు ధర తర్వాతి ఐదేళ్లలో సగానికి పడిపోయింది. అటువంటి కాలంలో పాలు గీయకుండా వదిలేసిన తోటలో తెగులు మందు చల్లేవారు ఉండరు, కింది ఆకుచెత్త వైపు చూసేవారూ ఉండరు. ఇంట్లో కనబడే పురుగుల రాశికీ రబ్బరు ధరకూ సంబంధం ఉందంటే మొదట వింతగా తోస్తుంది. తోట సంరక్షణ చెడితే పురుగుకు మేలు జరుగుతుందన్నది మాత్రం దాని ఆహారపు అలవాటును బట్టే అర్థమవుతుంది.

బాధ ఎటువంటిది

ముప్లి పురుగు కుట్టదు, కరవదు, రోగాన్ని మోయదు. కదిలిస్తే లేదా నొక్కితే మాత్రం పొట్ట చివరి గ్రంథుల నుంచి ఘాటైన ద్రవాన్ని వదులుతుంది. ఆ ద్రవం తగిలిన చోట చర్మం మండి, గోధుమ రంగు మచ్చ పడుతుంది. సున్నితమైన చర్మమైతే బొబ్బలెక్కుతుంది. కంట్లో పడితే తీవ్రమైన మంట పుడుతుంది. నిద్రలో పక్క మీద పడిన పురుగును తెలియకుండా ఒత్తిగిలి నలపడం వల్లే చాలా మందికి ఈ గాయాలవుతాయి. తన చేత్తో తాను దులుపుకోలేని పసిపాప, మంచం పట్టిన ముసలివారు అందరికన్నా ఎక్కువ బాధ పడతారు. నిద్రిస్తున్నవారి చెవిలోకి పురుగు దూరడం మరో భయం.

దీనికితోడు వాసన ఉండనే ఉంది. లక్షల పురుగులున్న ఇంట్లో అది గోడలకు, పరుపులకు, ఆరేసిన బట్టలకు పడుతుంది. వండిన కూరలో, తాగే నీటి కుండలో, మూత లేని బావిలో పురుగులు పడుతుంటాయి. భోజనం చేసేటప్పుడు కంచం మీద మరో కంచం బోర్లించుకుని, ముద్ద ముద్దకూ తీసి పెట్టే ఇళ్లున్నాయి. ఉధృతి ఎక్కువైన సంవత్సరాల్లో కొన్నాళ్లు బంధువుల ఇంటికి తరలిపోయే కుటుంబాలూ ఉన్నాయి.

అందరి మీదా ఈ భారం సమానంగా పడదు. సమతలమైన కాంక్రీటు కప్పు, నున్నని గోడలు, కిటికీలకు జాలీలు ఉన్న ఇంట్లో పురుగు దాగే సందులు తక్కువ. పెంకుల కప్పు, కొబ్బరాకుల చూరు, కట్టెల గది, పగుళ్లిచ్చిన మట్టి గోడ ఉన్న ఇంట్లో ప్రతి సందూ దానికి పడకగదే. చెట్టుకు గాటు పెట్టి పాలు సేకరించే కార్మికుల నివాసాలు తోటల మధ్యనే ఉంటాయి. తోట ఒకరిది, రాలిన ఆకు ఆ తోటది, ఆ ఆకులో పుట్టిన పురుగు మాత్రం వేరొకరి కప్పులో నిద్రపోతుంది.

ప్రభుత్వ యంత్రాంగపు గళ్లలో కూడా ఈ పురుగు సరిగ్గా ఇమడదు. రబ్బరు చెట్టుకు ఇది ఏ హానీ చేయదు. పైపెచ్చు రాలిన ఆకును తిని నేలకు ఎరువుగా మార్చే జీవి. కనుక పంట తెగుళ్ల లెక్కలో దానికి చోటు లేదు. మలేరియా, డెంగీ, బోదకాలు వంటి వ్యాధులను వ్యాపింపజేసే కీటకాల నియంత్రణకు జాతీయ కార్యక్రమం ఉంది. ముప్లి పురుగు ఏ వ్యాధినీ మోయదు కనుక అందులోకీ రాదు. ఇక మిగిలింది ఇంటి ఇల్లాలు, ఆమె చేతిలోని చీపురు, కిరోసిన్ డబ్బా.

కిరోసిన్, పొడి మందులు, వాటి ప్రమాదాలు

వాడుకలో ఉన్న పద్ధతుల్లో కిరోసిన్ చల్లడం పాతది. అది తగిలిన పురుగులు చస్తాయి కూడా. కానీ ఎండిన చెక్క దూలాలు, కొబ్బరాకుల చూరు, కింద కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో కప్పుకు కిరోసిన్ కొట్టడం నిప్పుతో చెలగాటమే. ఇంటి మందుగా అమ్మే పైరెత్రాయిడ్ స్ప్రేలూ పనిచేస్తాయి. చిక్కు అక్కడ కాదు, ఆ తర్వాతి క్షణంలో ఉంది. కప్పులో గుంపుగా నిద్రపోతున్న పురుగుల మీద మందు పడగానే అవన్నీ కలతచెంది ఒక్కసారిగా ద్రవం వదులుతూ కిందికి రాలతాయి. మంచాల మీద, పాత్రల మీద, మందు కొట్టేవారి తల మీద పడతాయి. వాటితో పాటు మందు కూడా పడుతుంది. రాత్రిపూట పిల్లలు పడుకున్న గదిలో ఇలా చేయడం పురుగు వల్ల కలిగే బాధ కన్నా పెద్ద బాధను కొనితెచ్చుకోవడమే.

పంటలకు వాడే గాఢమైన పురుగుమందులను ఇంటి గోడలకు, పక్కల కింద చల్లడం అంతకన్నా ప్రమాదం. 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం ప్రకారం ఏ మందు దేనికి, ఎంత మోతాదులో వాడాలో సీసా మీద ఉంటుంది. పొలానికి ఆమోదించిన మందు ఇంటికి ఆమోదించినట్టు కాదు. ఖాళీ అయిన మందు సీసాలను నీళ్లకో నూనెకో వాడే అలవాటు అన్ని ప్రాంతాల్లోనూ ఉన్నదే, అన్ని ప్రాంతాల్లోనూ ప్రాణాంతకమే.

అయితే తోటల మీదే పెద్ద ఎత్తున మందు చల్లితే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. కేరళలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు అందరికీ కాసర్‌గోడ్ గుర్తుకొస్తుంది. ఆ జిల్లాలోని ప్రభుత్వ రంగ జీడిమామిడి తోటల మీద 1970ల చివరి నుంచి 2000 వరకు హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. ఆ తోటల చుట్టుపక్కల గ్రామాల్లో పుట్టుకతో వచ్చిన వైకల్యాలు, నరాల వ్యాధులు దేశమంతటినీ కదిలించాయి. 2011 మే నెలలో సుప్రీంకోర్టు దేశవ్యాప్తంగా ఆ మందు తయారీని, వాడకాన్ని నిలిపివేసింది. ఇళ్లూ బావులూ కలగలిసి ఉన్న రబ్బరు తోటల్లో, ఒక నిద్రపోయే పురుగు కోసం విషాన్ని వెదజల్లడానికి ప్రజలు వెనకాడటంలో ఆశ్చర్యం లేదు. ఆకుచెత్తలో బతికే వానపాములు, సాలీళ్లు, ఇతర చిరుజీవులు కూడా ఆ మందుతో పోతాయి.

సహజ శత్రువుల మీద ఆశ పెట్టుకునే వీలూ అంతగా లేదు. ఆ ద్రవపు ఘాటు వల్ల ఈ పురుగును తినే జీవులు తక్కువ. లక్షల సంఖ్యను అదుపులో పెట్టగల శత్రువేదీ ఇంతవరకు అక్కరకు రాలేదు.

సమయం తెలిస్తే సగం పని

పురుగు క్యాలెండరు ఖచ్చితమైనది కాబట్టి దానిని ఎదుర్కొనే పనులు కూడా నెలలను బట్టే సాగాలి. మార్చి నెలలో, మొదటి వేసవి వానకు ముందే, పెంకుల సందులు, గోడ పగుళ్లు, అటక పలకల మధ్య ఖాళీలు మూయాలి. కిటికీలకు, గాలి రంధ్రాలకు సన్నని జాలీ కొట్టుకోవాలి. బావికి వల కప్పాలి. ఇంటి లోపల అక్కర్లేని గోనెసంచులు, పాత వార్తాపత్రికల కట్టలు, గోడకు వేలాడే పాత క్యాలెండర్లు తీసేస్తే దాగే చోట్లు తగ్గుతాయి.

వానలు మొదలైన ఆ కొద్ది రోజులూ కీలకం. ఈ పురుగులు రాత్రిపూట దీపపు వెలుగుకు ఆకర్షితమై వస్తాయి. చీకటి పడక ముందే వంటా భోజనాలూ ముగించుకొని, బయటికి కనబడే దీపాలన్నీ ఆర్పేయడం అన్నిటికన్నా చవకైన, ఏ మందూ అక్కర్లేని ఉపాయం. ఇంటికి కొంత దూరంలో, తోట వైపున ఒక్క దీపం వెలిగించి, దాని కింద సబ్బు నీళ్లు నింపిన వెడల్పాటి పాత్ర పెడితే వెలుగుకు వచ్చిన పురుగులు అందులో పడి మునిగిపోతాయి. ఇందులో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, ఆ దీపాన్ని వాకిట్లోనే పెట్టడం. అలా చేస్తే తోటలోని పురుగులను ఇంటికి ఆహ్వానించినట్టే. రెండోది, ఒక్క ఇల్లు చీకటిగా ఉండి పక్కింట్లో దీపాలు వెలుగుతుండటం. ఆ రాత్రి పురుగుల భారమంతా పక్కింటి మీద పడుతుంది. అందుకే ఇది ఊరంతా కలిసి చేయవలసిన పని. విషు రోజుల్లో ఇది అంత తేలిక కాదు. తెల్లవారుజామున కణి చూడటానికి దీపం వెలిగించక తప్పదు. ఆ పల్లెల్లో కొందరు తలుపులన్నీ మూసిన లోపలి గదిలోనే ఆ దీపాన్ని ఉంచుకుంటారు.

లోపలికి వచ్చేసిన పురుగులను చేత్తో నలపకూడదు, కాలితో తొక్కకూడదు. గుంపు కదలకముందే, పగటిపూట, పొడవాటి చీపురుతో మెల్లగా చేటలోకో బకెట్లోకో దులిపి సబ్బు నీళ్లలో ముంచాలి. ఈ పని చేసేవారు పొడవు చేతుల చొక్కా, చేతి తొడుగులు, తలకు గుడ్డ, కళ్లకు అద్దాలు ధరించాలి. మంచాలను గోడలకు దూరంగా జరిపి, కప్పు కింద పలుచని గుడ్డతోనో ప్లాస్టిక్ పట్టాతోనో అడ్డుకప్పు కడితే పురుగులు పక్క మీద పడవు. పసిపిల్లల పడకకు ఇది తప్పనిసరి.

ద్రవం చర్మానికి తగిలితే రుద్దకుండా వెంటనే సబ్బుతో, ధారాళమైన నీటితో కడగాలి. కంట్లో పడితే పావుగంట సేపు శుభ్రమైన నీటితో కడిగి వైద్యుని దగ్గరికి వెళ్లాలి. చెవిలో పురుగు దూరితే పుల్లతోనో పిన్నుతోనో పొడవకూడదు. అలా చేస్తే పురుగు ఇంకా లోపలికి పోయి ద్రవం వదులుతుంది. కర్ణభేరికి రంధ్రం, చెవి నుంచి చీము వంటి సమస్యలు లేనివారు తల పక్కకు వంచి కొద్ది చుక్కల గోరువెచ్చని కొబ్బరి నూనె వేస్తే పురుగు కదలిక ఆగుతుంది. ఆ తర్వాత దానిని వైద్యుని చేత తీయించుకోవాలి.

ఆకుచెత్త ఎవరి బాధ్యత

ఇవన్నీ ఇంటి గుమ్మం దగ్గర చేసే పనులు. పురుగు సంఖ్య తగ్గాలంటే దానికి బలహీనమైన సమయాన్ని, బలహీనమైన చోటును ఎంచుకోవాలి. ఆ సమయం జనవరి నుంచి మార్చి వరకు. ఆ చోటు తోట నేల. అప్పుడు గుడ్లు, పిల్ల పురుగులు, కోశస్థ దశలోని పురుగులు ఎక్కడికీ పోలేక ఆకుల కిందే ఉంటాయి. ఒక్కసారి అవి రెక్కల పురుగులై పెంకుల కిందికి చేరితే ఆ ఏడాదికి చేయగలిగింది ఊడ్చుకోవడమే.

అలాగని తోటలోని ఆకుచెత్తనంతా ఊడ్చి తగలబెట్టమనడం సరికాదు. కొండవాలు తోటల్లో ఆ ఆకుల పరుపే వాన ధాటికి మట్టి కొట్టుకుపోకుండా కాపాడుతుంది, కుళ్లి చెట్టుకు బలమిస్తుంది. ఎండాకాలం మొదట్లో తోటలో నిప్పు పెడితే అది ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. రైతు మేలుకూ ఇంటివారి మేలుకూ మధ్య దారి ఇళ్ల దగ్గరే ఉంది. నివాసాలను ఆనుకొని ఉన్న భాగంలో మాత్రం రాలిన ఆకును ఎప్పటికప్పుడు ఊడ్చి, కుప్పగా పోసి, పేడ నీళ్లతో తడిపి, మట్టి కప్పి కంపోస్టుగా మార్చి మళ్లీ చెట్ల మొదళ్లకే వేయవచ్చు. బూడిద తెగులును సకాలంలో అరికడితే లేత ఆకుల రాలిక తగ్గి, పురుగుకు ఇష్టమైన తిండి కూడా తగ్గుతుంది. రైతుకు రబ్బరు పాల దిగుబడి పరంగా అది ఎలాగూ లాభమే. తన లాభం కోసం చేసిన పనితోనే పక్కింటి పసిపాప నిద్ర కూడా బాగుపడే అవకాశం వ్యవసాయంలో తరచుగా దొరకదు.

రబ్బరు ఇప్పుడు కేరళకే పరిమితమైన పంట కాదు. త్రిపుర దేశంలో రెండో పెద్ద రబ్బరు ఉత్పత్తి రాష్ట్రంగా ఎదిగింది. ఆంధ్రప్రదేశ్‌లో మారేడుమిల్లి, రంపచోడవరం మన్యం ప్రాంతాల్లోనూ గిరిజన రైతులు రబ్బరు వేశారు. కొత్త ప్రాంతాల్లో తోట వేసేటప్పుడు మొక్కకు మొక్కకు మధ్య దూరం, గుంతల లోతు గురించి చెప్పే సలహాల్లో, ఇళ్లకూ తోట మొదటి వరుసకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలన్నది కూడా చేరితే కేరళ పల్లెల అనుభవం వృథా కాదు. చెట్టు నాటి ఆరేడేళ్లకు గానీ పాలు గీయడం మొదలు కాదు. ఆలోపే ఆ ఖాళీలో మరో పంటో పూలతోటో వేసుకునే వెసులుబాటు రైతుకు ఉంటుంది.

డిసెంబరులో తులావర్షం వెనక్కి తగ్గాక కప్పులోని నల్లని గుంపులు సడలుతాయి. పురుగులు ఏ సందడీ లేకుండా, కొద్దికొద్దిగా, తోటల్లోకి వెళ్లిపోతాయి. ఇంట్లో వాసన మిగులుతుంది, చచ్చిన పురుగుల పొట్టు అటకల నిండా మిగులుతుంది. ఆ పొట్టును తడి గుడ్డతో తుడిచి, పెంకులు దించి కడిగి, సందులు సరిచూసుకోవడానికి ఇంటివారికి చేతిలో ఉండేది జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు మాత్రమే.